బహ్రెయిన్‌లో నా మూడో స్థానం

బహ్రెయిన్ నుంచి తిరిగొచ్చాక నన్ను ఎవరు కలిసినా అడిగే మొదటి మాట, అక్కడ బంగారం చవకేనా అని. రెండో మాట, మెడల్ ఏదీ చూపించు అని. బంగారం సంగతి నాకు తెలియదు, నేను ఆ వీధికే పోలేదు. మెడల్ చూపిస్తాను. చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మంచిగుందని చెప్పి తిరిగి ఇచ్చేస్తారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ఆ దేశం చూడనివాళ్లకు దాని గురించి కొంచెం తెలుస్తుంది. నేను అక్కడికి ఎందుకు పోయానో, ఏం పోగొట్టుకుని వచ్చానో కూడా తెలుస్తుంది.

నాకు ముప్పై ఏళ్లు. మాది కోరుట్ల. స్కూల్లో ఉన్నప్పటి నుంచి జూడో ఆడాను. మన దేశంలో చాలా గెలిచాను, చాలా ఓడాను. విదేశాల్లో ఆడిన ప్రతిసారీ మాత్రం మొదటి కుస్తీలోనే ఓడి, మిగతా రోజులు గ్యాలరీలో కూర్చుని ఎవరెవరికో చప్పట్లు కొట్టి వచ్చాను. కుడి మోకాలికి ఆపరేషన్ అయ్యాక జూడో జట్టులోకి నన్ను పిలవడం మానేశారు. మా కోచ్ సత్యం సార్ ఊరుకోలేదు. జుజిట్సులో నేల మీద పట్లే ఎక్కువ, మోకాలికి భారం తక్కువ అని నన్ను ఆ ఆటలోకి మళ్లించారు. రెండేళ్లు నేర్చుకున్నాను. ఈ పోటీ తర్వాత ఇంక ఆడితే మెట్లు కూడా ఎక్కలేవని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరేనన్నాను. పరదేశంలో ఒక్క మనిషి మీద గెలిచి ఆపేద్దామనుకున్నాను. ఒకే ఒక్క కుస్తీ, అంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోలేదు.

నయీమ్

విమానాశ్రయానికి రాజేశం మామ వచ్చాడు. మా అమ్మ పుట్టిన ఊరివాడు, వరసకు మేనమామ. బహ్రెయిన్‌లో కట్టడాలకు సెంట్రింగ్ పని చేస్తాడు. కంపెనీ చొక్కాతోనే, చేతులకు సిమెంటు మరకలతోనే వచ్చేశాడు.

"ఎట్లున్నవ్ బిడ్డా? దుబాయి గాలి ఎట్లున్నది?"

"ఇది దుబాయి కాదు మామా, బహ్రెయిన్."

"ఊర్లె అందరు దుబాయే అంటరు. నేను బహ్రెయిన్ అంటే, ఎప్పుడు మారినవ్, పాత కఫీల్ సేటు ఎల్లగొట్టిండా అని అడుగుతరు. గీ లొల్లెందుకని నేను గూడ దుబాయే అంట."

నేను ఉండడానికి మామ నయీమ్‌లో తనకు తెలిసిన పద్మక్క అనే ఆమె గది చూసిపెట్టాడు. రాజధాని మనామాలో నయీమ్ పాత పేట. ఇరుకు సందులు, బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు, ఒక దుకాణం మీద మలయాళం, పక్కదాని మీద బెంగాలీ. అరబ్బు దేశానికి వచ్చి అరబ్బు మనిషిని చూడడానికి మర్నాటి దాకా ఆగాల్సి వచ్చింది. పద్మక్కది కోనసీమ. పొద్దున బుదైయాలో ఒక విల్లా ఊడ్చి తుడుస్తుంది, సాయంత్రం అద్లియాలో ఒక కేఫ్‌లో గిన్నెలు కడుగుతుంది. నేను గడప దాటేసరికి గదంతా చేపల పులుసు వాసన.

"వంజరం దొరికింది, పులుసెట్టాను. కాళ్లు కడుక్కుని కూర్చో అమ్మాయ్" అంది.

తినకూడదని చెబితే ముందు నమ్మలేదు. తర్వాత కోపం వచ్చింది. "తిండి మానేసి కొట్టుకోడానికెల్లే వాళ్లని నిన్నే చూశాను. కోడిపుంజుని కూడా మేపే కదే బరిలోకి దింపుతారు!"

ఆమెకు నేను చెప్పిందే ఇక్కడా చెబుతాను. జూడోలో ముందురోజు బరువు చూస్తారు. ఆ తర్వాత కడుపునిండా తిని పడుకుని, మర్నాడు ఆడొచ్చు. జుజిట్సులో ఆటకు దిగే ముందు, మందపాటి ఆ డ్రస్సుతో సహా త్రాసు ఎక్కాలి. కొంచెం ఎక్కువ తూగినా అటునుంచి అటే ఇంటికి. నా బరువు ఇంకా దిగాల్సి ఉంది. అందుకని ఈ కథనంలో తిండి గురించి రాసేదంతా నేను ముక్కుతో తిన్నదే. నయీమ్ సందు చివర తందూరు పొయ్యిలో కాల్చే పెద్ద పెద్ద రొట్టెలు అమ్ముతారు, ఖుబ్జ్ అంటారు. వంద ఫిల్స్, అంటే దీనారులో పదోవంతు, ఇస్తే చేతికి వేడిగా అందిస్తారు. పక్కనే కరక్ చాయ్ దుకాణం. మన ఇరానీ చాయ్‌లో ఏలకులు ఎక్కువ వేసి ఇంకా మరిగిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుందట, మామ తాగి చెప్పాడు. నేను చాయ్ తాగుతున్న మామను చూస్తూ నిలబడ్డాను.

బుదైయా

మర్నాడు పద్మక్క పనికి పోతూ నన్ను కూడా బుదైయా తీసుకుపోయింది. అక్కడ ఇళ్ల మధ్య ఇంకా తోటలు మిగిలాయి, జనం తక్కువ, పరుగెత్తుకోవచ్చని. చెమట పట్టించే ప్లాస్టిక్ సూటు వేసుకుని దాని మీద స్వెటర్ తొడుక్కుని ఖర్జూరపు తోటల గోడల వెంట పరుగెత్తాను. పెద్ద పెద్ద విల్లాల గేట్ల ముందు బండ్లు కడుగుతున్న మనవాళ్లు గుడ్డ పిండడం ఆపి మరీ చూశారు. పిచ్చిదనుకుని ఉంటారు. నేనూ ఆ సమయంలో అట్లానే అనుకున్నాను.

ఒక తోట గేటు దగ్గర తెల్ల అంగీ వేసుకున్న ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండుసార్లు నన్ను పోనిచ్చి, మూడోసారి లేచి అడ్డం వచ్చాడు. పళ్లెం నిండా ఖర్జూరాలు, చిన్న గిన్నెలో కాఫీ. "తఫద్దలీ, తఫద్దలీ" అన్నాడు. తీసుకొమ్మని మర్యాద. నేను చేతులు జోడించి వద్దన్నాను. ఆయన పళ్లెం ఇంకొంచెం ముందుకు జరిపాడు. మన దగ్గర ఎవరైనా పెడితే రెండుసార్లు వద్దని మూడోసారి తింటాం కదా, ఇక్కడ అసలు వద్దనడమే ఉండదని పద్మక్క తర్వాత చెప్పింది. చివరికి ఒక పండు నోట్లో వేసుకున్నాను. ఆయన ముఖం వెలిగింది. రెండు రోజులుగా ఏమీ లేని నోట్లోకి ఆ తీపి దిగేసరికి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మలుపు తిరిగాక ఉమ్మేశాను. ఉమ్మేసి గోడకు ఆనుకుని అక్కడే ఏడ్చాను. ఒక ఖర్జూరపు పండు మింగే హక్కు కూడా లేని ఈ ఆట నాకేమిచ్చిందని ఆ గోడనే అడిగినట్టున్నాను.

అద్లియా

సాయంత్రం పులుసు వాసనతో ఒంటరిగా గదిలో కూర్చోలేక పద్మక్క వెంట అద్లియా పోయాను. కేఫ్‌లూ హోటళ్లూ వరసగా ఉన్న పేట. గోడల మీద బొమ్మలు, బయట కుర్చీల్లో నవ్వుతూ తింటున్న జనం. ఒక్క కాఫీ రెండు దీనార్లట. దాని పక్కన నయీమ్ రొట్టె ఎన్ని వస్తాయో లెక్కేయాలనిపించి, తిండి గురించి ఆలోచించకూడదని మానేశాను. వెనక సందులో, వంటగది తలుపు మెట్టు మీద కూర్చున్నాను. పద్మక్క గిన్నెల మధ్య కొంచెం ఊపిరి దొరికినప్పుడల్లా వచ్చి నా పక్కన నిలబడింది.

"గెలిస్తే ఏటిస్తారమ్మాయ్?"

"ఏమియ్యరక్కా. మెడల్ ఇస్తరు."

"ఉద్యోగం గట్రా?"

"ఇప్పుడిగ రాదు. వయసు దాటింది."

"మరెందుకే ఈ కడుపు మాడ్చుకోడం?"

"నాకు గూడ తెల్వదక్కా. ఒక్కసారన్న గెల్వాలె. లేకపోతే ఇన్నేండ్లు నేనేం చేసిన?"

పద్మక్క తడి చేతులు ముందు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుని, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి, గిన్నెల దగ్గరికి పోయింది.

పోటీ హాలు

గురువారం పొద్దున పద్మక్క విల్లాలో సెలవు అడిగి నాతో వచ్చింది. త్రాసు మీద బొటాబొటిగా గట్టెక్కాను. ఆ ఆనందం కాసేపే. మా బరువులో ఉన్నది ముగ్గురమేనని అప్పుడు చెప్పారు. చీటీ తీస్తే ఒకమ్మాయి ఆడకుండానే ఫైనల్‌కు పోయింది. మిగిలింది నేనూ, ఒక జోర్డాన్ అమ్మాయీ. మాలో ఓడినవాళ్లకు మూడో స్థానం. అంటే చాప మీద కాలు పెట్టకముందే నాకు కాంస్యం ఖాయమైంది. ఒక్క కుస్తీ గెలవడానికి వచ్చినదానికి, గెలవకపోయినా మెడల్ ఉందని చెప్పడం ఎంత ఎగతాళో చూడండి.

ఆట మొదలైంది. ఆ అమ్మాయి నా కాలర్ పట్టుకోవడానికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఎక్కడికి వస్తుందో నాకు ముందే తెలిసింది. లాగాను, తిరిగాను, వీపు మీదికి ఎత్తుకుని భుజం మీదుగా విసిరాను. ఆమె వెల్లకిలా చదునుగా పడింది. హాలంతా వినపడింది ఆ చప్పుడు. నా జీవితంలో అంత శుభ్రంగా ఎవరినీ వేయలేదు.

జూడోలో అయితే అక్కడితో ఆట ముగిసినట్టే. మనిషి వెల్లకిలా పడితే రెఫరీ చెయ్యి ఎత్తుతాడు, ఇద్దరం లేచి డ్రస్సు సర్దుకుని ఒకరికొకరం వంగి నమస్కారం పెట్టుకుంటాం. చిన్నప్పటి నుంచి వేలసార్లు చేసిన పని. నా చేతులు నన్ను అడగకుండానే పట్టు వదిలేశాయి. లేచాను. బెల్టు సర్దుకున్నాను. రెఫరీ వైపు చూశాను. ఆయన నన్ను వింతగా చూస్తున్నాడు. చెయ్యి ఎత్తలేదు.

జుజిట్సులో విసిరితే ఆట ముగియదు. విసిరి, మూడు సెకన్లు అదిమి పట్టి ఉంచితే రెండు పాయింట్లు. నేను వదిలేశాను కాబట్టి ఆ రెండూ రాలేదు. రెండేళ్లు నేర్చుకున్నదంతా నాకు గుర్తొచ్చేలోపే జోర్డాన్ అమ్మాయి కింద నుంచి నా కాళ్లు పట్టి లాగేసింది. పడుతూనే బోర్లా తిరిగాను. అదీ జూడో అలవాటే. అక్కడ బోర్లా పడుకుంటే కాసేపటికి రెఫరీ ఆపి లేపుతాడు. ఇక్కడ వీపు అప్పగించడమంటే ఇంటి తాళం దొంగ చేతికి ఇవ్వడమే. ఆమె చెయ్యి నా గొంతు చుట్టూ పడింది. ఊపిరి ఆడక చాప మీద చేత్తో కొట్టాను. ఓడిపోయానని ఒప్పుకునే పద్ధతి అది.

మెడల్ మెడలో వేసేటప్పుడు నా పక్కన నిలబడ్డ ఇద్దరూ నవ్వుతున్నారు. జోర్డాన్ అమ్మాయి నా చెవిలో ఇంగ్లిషులో, నువ్వు వేసిన దెబ్బకు నాకు ఇంకా వీపు నొప్పిగా ఉందని చెప్పింది. మంచి పిల్ల. ఆ మంచితనం కూడా నాకు భరించరానిదిగా అనిపించింది. నేను కిందికి దిగేసరికి పద్మక్క ఫొటో తీసి రాజేశం మామకు పంపేసింది.

ఒక్క ఆశ మిగిలింది. శుక్రవారం బరువుతో పని లేని విభాగం ఉంది. సన్నవాళ్లూ లావువాళ్లూ అందరూ అందులో కలిసి ఆడతారు, మెడల్ వచ్చినవాళ్లు దిగొచ్చు. నేను పేరు ఇచ్చాను. విసిరాక వదలకూడదు, వదలకూడదు అని దారి పొడుగునా బస్సులో నాకు నేనే చెప్పుకున్నాను.

సన్మానం

సాయంత్రం మామ గదికి రమ్మని కబురు. పద్మక్క గదికి రెండు సందుల అవతల. ఒకదాని మీద ఒకటి మంచాలు, మంచాల మధ్య మనుషులు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు వాళ్లంతా డ్యూటీ నుంచి వచ్చి స్నానాలు చేసి నిలబడ్డారు. నా మెడలో ప్లాస్టిక్ పూల దండ పడింది. సన్మానానికి శాలువా దొరకలేదట, ఇక్కడి మగవాళ్లు తలకు చుట్టుకునే ఎర్ర గళ్ల గుడ్డ తెచ్చి నా భుజాల చుట్టూ కప్పారు. ఒకాయన, మన జిల్లా పేరు అరబ్బు దేశంలో నిలబెట్టిందని ఉపన్యాసం ఇచ్చాడు.

నేను మామను పక్కకు పిలిచాను. "మామా, నేను గెల్వలే. మేం ముగ్గురమే ఉంటిమి. ఓడినా మూడోది ఇచ్చిండ్రు."

మామ నవ్వాడు. "మూడో నంబర్ అంటే తక్కువనా? నేను ఇన్నేండ్ల సంది గిక్కడున్న, నా నంబర్ ఎంతనో ఎవలన్న చెప్పిండ్రా?"

రేపు ఇంకో ఆట ఉందని మాత్రం చెప్పాను. గది గదంతా కేక పెట్టింది. "రేపు శుక్కురారం, డ్యూటీ లేదు. అందరం ఒస్తం" అన్నాడు మామ.

తర్వాత అనుకోనిది జరిగింది. ఎట్లా ఎత్తి వేస్తావో చూపించమన్నారు. మంచాల మీది పరుపులు కిందికి లాగి బండల మీద పరిచారు. ఎవరిని వేయాలంటే మామే ముందుకొచ్చాడు. "నన్నే ఎయ్యి. ఊర్లె జెప్పుకుంట, నా కోడలు నన్ను ఎత్తి ఏసిందని."

వద్దనాల్సింది. మోకాలు ఉందనీ, రేపు ఆట ఉందనీ నాకు తెలుసు. కానీ వాళ్ల ముఖాలు చూసి వద్దనలేకపోయాను. పైగా నాకూ ఆశ పుట్టింది. పొద్దున నేను వేసిన దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మామ చొక్కా పట్టుకుని తిరిగి ఎత్తాను. మెల్లగా, జాగ్రత్తగా, పసివాణ్ణి దించినట్టు దించాలనుకున్నాను. ఆటస్థలంలో చాపలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. ఇక్కడ రెండు పరుపుల మధ్య సందు ఉంది. మామ బరువంతా నా మీద ఉన్నప్పుడు పరుపు జారి నా కుడి పాదం ఆ సందులో ఇరుక్కుంది. నేను తిరిగాను, పాదం తిరగలేదు. మోకాలి లోపల ఏదో తెగిన చప్పుడు నా ఒక్కదానికే వినపడింది.

మామ వెల్లకిలా పడి నవ్వుతున్నాడు. గదంతా చప్పట్లు, ఈలలు. నేను పక్క మంచం మీద కూర్చుండిపోయి నవ్వాను. కోడికూర, అన్నం పళ్లెంలో పెట్టి ఇచ్చారు. ఇన్ని రోజుల తర్వాత తిన్న మొదటి ముద్ద అది. ఉప్పుందో కారముందో నాకు తెలియలేదు. అందరూ తినడంలో ఉండగా పద్మక్క భుజం పట్టుకుని బయటికొచ్చాను. సందు మలుపు తిరిగేదాకా మామూలుగా నడిచాను.

"ఆయనకి చెప్పనా?" అంది పద్మక్క, గదిలో గుడ్డలో ఐసు చుట్టి మోకాలికి పెడుతూ.

"ఒద్దక్కా. తెలిస్తే మామ జీవితంల మర్చిపోడు."

"మరి నువ్వో?"

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

శుక్రవారం

పొద్దునకు మోకాలు కొబ్బరికాయంత అయింది. అయినా హాలుకు పోయాను. డ్రస్సు వేసుకున్నాను, బెల్టు కట్టుకున్నాను. కుంటుతూ ఒక్క అడుగు తీసేసరికి పోటీ డాక్టరు చూసి పిలిచాడు. మోకాలు నొక్కి, అటూ ఇటూ కదిపి, తల అడ్డంగా ఊపాడు. బతిమాలాను. ఆయన ఇంకోసారి తల అడ్డంగా ఊపి, నేను ఆడకూడదని కాగితం మీద రాసి నిర్వాహకుల బల్ల దగ్గర ఇచ్చాడు. అయినా పద్ధతి ప్రకారం పేరు పిలవాలట. నేను చాప పక్కన కుర్చీలో కూర్చున్నాను.

అప్పుడే పై వరసలో మామ, ఆయన గదివాళ్లు కనిపించారు. ఇస్త్రీ చొక్కాలు, నూనె రాసి దువ్విన తలలు. మామ నన్ను చూసి చెయ్యి ఊపాడు. మైకులో నా పేరు వినపడింది. వాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను లేవలేదు. రెండోసారి పిలిచారు. ఇంకా గట్టిగా కొట్టారు. మూడోసారి పిలిచినప్పుడు ఒకాయన ఈల వేశాడు. చాప మీద ఒంటరిగా నిలబడ్డ బహ్రెయినీ అమ్మాయి చెయ్యి రెఫరీ పైకెత్తాడు. ఆ అమ్మాయి, ఎవరూ లేని వైపుకు వంగి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వాళ్ల దగ్గరికి పోయాను.

"అయిపోయిందా బిడ్డా? నువ్వు ఆడనే లేదు గదా?" అన్నాడు మామ.

"పొద్దుగాల కాలు పట్టేసింది మామా. డాక్టర్ ఒద్దన్నడు."

మామ నా కాలివైపు చూశాడు. "నిన్న నన్ను ఏసినప్పుడు మంచిగనే ఉండె."

"మంచిగనే ఉండె మామా."

ఆయన నా బ్యాగు తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు. బస్‌స్టాప్ దాకా నా అడుగుకు తన అడుగు కలిపి మెల్లగా నడిచాడు.

"ఏం గాదు బిడ్డా. గిది గాకపోతే ఇంకోటి. మల్ల నీ ఆట ఎప్పుడున్నదో ముందుగాల జెప్పు. శుక్కురారం అయితే అందరం ఒస్తం."

"చెప్త మామా" అన్నాను.

నాకు ఇంకో ఆట లేదు. ఆ మాట వాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. బస్సు వచ్చేదాకా వాళ్లు, వచ్చేసారి ఎవరెవరు రావాలో, బండి ఎక్కడ మాట్లాడుకోవాలో చెప్పుకుంటూనే ఉన్నారు.